ఎంఓయూలో నేర్పేవాడి పేరేది?

జూన్, జులై వచ్చిందంటే మా జిల్లా పేజీల్లో ఒక ఫొటో తప్పదు. వెనక ఫ్లెక్సీ, ముందు బల్ల, బల్ల మీద బొకే, రెండు ఫైళ్లు చేతులు మారుతుంటాయి. ఒక పక్క ప్రిన్సిపాల్ గారు, ఇంకో పక్క కంపెనీ హెచ్ఆర్ మేనేజరు. కింద వార్త: పరిశ్రమతో పాలిటెక్నిక్ అవగాహన ఒప్పందం (ఎంఓయూ), విద్యార్థులకు నైపుణ్య శిక్షణ, ఆపై ఉపాధి. శ్రీకాకుళం, టెక్కలి, ఆమదాలవలస, విజయనగరం, ఏ ఊరి పేరు వేసినా వార్త మారదు.

నేను శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం పారిశ్రామికవాడలో మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను. మెకానికల్ డిప్లొమా చదివి ఆ గేట్లోంచి లోపలికి వచ్చినవాణ్ణే. అలాంటి ఒప్పందాలు కొన్ని చదివే అవకాశం దొరికింది. నాలుగైదు పేజీలుంటాయి. గోప్యత గురించి ఉంటుంది, వివాదమొస్తే ఏ కోర్టుకెళ్లాలో ఉంటుంది, ఎవరి లోగో ఎవరు వాడుకోవచ్చో కూడా ఉంటుంది. కుర్రాడికి పని నేర్పేదెవరు, రోజుకి ఎంతసేపు, ఆ సేపు అతని మామూలు పని ఎవరు చూసుకుంటారు అన్నది మాత్రం నేను చూసినవాటిలో ఒక్కదాంట్లోనూ లేదు.

నా గోల ఈ ఖాళీ గురించే. పరిశ్రమకీ వృత్తివిద్యా కాలేజీకీ మధ్య భాగస్వామ్యం అనగానే మనకి గుర్తొచ్చేవి మూడు: కాలేజీకి మెషీను ఇవ్వడం, పిల్లలకి ఫ్యాక్టరీ చూపించడం, చివర్లో క్యాంపస్ సెలక్షన్. మూడూ మంచివే. మూడింటిలో ఏదీ చేతికి పని నేర్పదు. నేర్పేది ఒక మనిషి. ఆ మనిషి సమయానికి కంపెనీ ఖరీదు కట్టి, కాగితం మీద రాసి ఇస్తే దాన్ని భాగస్వామ్యం అనొచ్చు. అది లేనప్పుడు మిగిలేది పేపర్లో ఫొటో.

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. పదో తరగతి తర్వాత పాలీసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరితే డిప్లొమా మూడేళ్లు. ఆఖరి ఏడాదిలో ఆరు నెలలు ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉంటుంది. ఆ ఆరు నెలలూ విద్యార్థి ఏదో ఒక సంస్థలో ఉండాలి, రోజూ లాగ్ బుక్ రాసుకోవాలి. లెక్చరర్ మధ్యమధ్యలో వచ్చి చూస్తారు, సంస్థలో సూపర్‌వైజరు మార్కులేస్తారు, చివర్లో రిపోర్టు, వైవా. కాగితం మీద ఇంతకంటే తెలివైన ఏర్పాటు లేదు. మూడేళ్ల చదువులో ఆరో వంతు ఫ్యాక్టరీకి అప్పగించారు.

జరిగేది వేరు. పెద్ద ప్లాంట్లలో చోటు దొరికేది కొద్దిమందికి. మిగతావాళ్లు బైక్ షోరూం సర్వీసింగ్‌లో, సబ్‌స్టేషన్‌లో, మామయ్యగారికి తెలిసిన లేత్ వర్క్‌షాపులో చేరతారు. సివిల్ వాళ్లకి ఊళ్లో లేచే అపార్ట్‌మెంట్ ఏదో ఒకటి. కొందరు ఎక్కడా చేరరు, సర్టిఫికెట్ మాత్రం వస్తుంది. ఎలా వస్తుందో కాలేజీకి తెలుసు, ఇంట్లోవాళ్లకి తెలుసు.

పిల్లల్ని తప్పుపట్టే ముందు వాళ్ల ముందున్నదేమిటో చూడండి. అదే నెలల్లో ఈసెట్ ఉంటుంది. డిప్లొమా అయినవాళ్లు నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరడానికి రాసే పరీక్ష అది. మొత్తం 200 మార్కులు. లెక్కలు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మిగతా 100 బ్రాంచి సబ్జెక్టులు. ఆరు నెలలు ప్లాంటులో నేర్చుకున్నదానికి అందులో ఒక్క మార్కు లేదు. పైగా డిప్లొమాతో చేరినవాడు పదేళ్లు పనిచేసినా, నిన్న వచ్చిన బీటెక్ కుర్రాడికి రిపోర్ట్ చెయ్యాల్సిన ప్లాంట్లు ఎన్ని లేవు? ఇది చూసిన తండ్రి కొడుకుని కోచింగ్‌కి పంపిస్తాడు. నేనైనా పంపిస్తాను. ప్లాంటులో ఎవరూ ఏమీ నేర్పరని తెలిసినప్పుడు ఆ లెక్క ఇంకా తేలిక.

ఇప్పుడు గేటు లోపల ఏం జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే ఇది బయటివాళ్లకి కనపడదు. కాలేజీ ఇచ్చిన ఉత్తరం పట్టుకుని కుర్రాళ్లు వస్తారు. మొదటి రోజు సేఫ్టీ ఇండక్షన్: ఒక వీడియో, ఒక సంతకం, హెల్మెట్, గేట్ పాస్. రెండో రోజు డిపార్ట్‌మెంట్‌కి పంపుతారు. అక్కణ్ణించి వాళ్లు ఎవరికీ చెందరు. మందుల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ బ్లాకులోకి ఎవరిని పడితే వాళ్లని రానివ్వరు, దానికి కారణాలున్నాయి, అవి సరైనవే. దాంతో కుర్రాడు మెయింటెనెన్స్ ఆఫీసులో కుర్చీ మీద సెటిలవుతాడు. స్పేర్ల లిస్టు ఎక్సెల్‌లో కొట్టు, పాత చెక్‌లిస్టులు ఫైల్ చెయ్యి, ఈ కాగితాలు స్టోర్స్‌లో ఇచ్చిరా. లేదంటే ఇంకో రకం. మనుషులు తక్కువున్న ప్లాంటయితే హెల్పర్ పనికి పెట్టేస్తారు, స్టైపెండ్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మొదటివాడు గుమస్తా, రెండోవాడు కూలీ. లాగ్ బుక్కులో మాత్రం ఇద్దరూ ‘పంపుల నిర్వహణ అధ్యయనం’ అనే రాస్తారు.

పంపు అన్నాను కాబట్టి దాన్నే తీసుకుందాం. పాలిటెక్నిక్ ల్యాబులో సెంట్రిఫ్యూగల్ పంపు ఉంటుంది. దాని మీద చేసే ప్రయోగం ఒకటే: డెలివరీ వాల్వు తిప్పుతూ ప్రెషర్ రాసుకుని ఎఫిషియెన్సీ గ్రాఫు గియ్యడం. ప్లాంటులో షిఫ్టులో ఉన్నవాణ్ణి పంపు ఎఫిషియెన్సీ ఎవరూ అడగరు. అడిగేది సీల్ లీకు గురించి. తిరిగే షాఫ్టు చుట్టూ ద్రవం బయటికి కారకుండా ఆపే భాగం సీల్. అదీ టోలీన్ లైను మీద, రాత్రి పదకొండింటికి.

టోలీన్ మండే ద్రవం. స్పానర్ పట్టుకునే ముందు చెయ్యాల్సిన పని చాలా ఉంది. పని మొదలుపెట్టొచ్చని ప్రొడక్షన్ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా పర్మిట్ తీసుకోవాలి. సక్షన్, డెలివరీ రెండు వాల్వులూ మూసి, పంపులో మిగిలింది డ్రెయిన్ చేసి, ఆవిరి లేకుండా చూసుకోవాలి. మోటారు బ్రేకర్ ఆఫ్ చేసి తాళం వేసి ట్యాగ్ కట్టాలి. తాళంచెవి నీ జేబులో ఉండాలి, పక్కవాడి జేబులో కాదు. అప్పుడు పంపునీ మోటారునీ కలిపే కప్లింగ్ విప్పాలి. మెకానికల్ సీల్‌లో రెండు ముఖాలుంటాయి, ఒకటి తిరిగేది, ఒకటి కదలనిది. అద్దంలా నున్నగా ఉంటాయి. గ్రీజు వేళ్లతో వాటిని ముట్టుకుంటే కొత్త సీలయినా పాడే. లోపల ఓ-రింగ్ ఏ రబ్బరుదో చూడాలి. ఈపీడీఎం రకం నీళ్లలో చక్కగా పనిచేస్తుంది, టోలీన్‌లో ఉబ్బిపోతుంది. స్టోర్స్‌లో రెండూ నల్లగానే కనపడతాయి. అన్నీ బిగించాక డయల్ గేజ్ పెట్టి పంపు షాఫ్టూ మోటారు షాఫ్టూ ఒక్క గీతలో ఉన్నాయో లేదో చూడాలి. మోటారు కాలు ఒకటి బేస్ మీద ఆనకుండా గాల్లో ఉంటే బోల్టు బిగించగానే ఒంగి, చూసుకున్న లెక్కంతా తప్పుతుంది. దాని కింద పల్చటి రేకు (షిమ్) పెట్టాలి. అలైన్‌మెంట్ సరిగ్గా లేకపోతే కొత్త సీలు వారం తిరక్కుండా మళ్లీ కారుతుంది. అప్పుడు అందరూ సీల్ కంపెనీని తిడతారు.

ఇది చేతులతో చూపిస్తూ, ‘ఎందుకు’ అని కుర్రాడు అడిగే ప్రతిదానికీ జవాబు చెప్తూ చేస్తే, ఫిట్టర్ ఒక్కడే చేసేదానికి రెట్టింపు సమయం పడుతుంది. ఆ రెట్టింపులో ప్రొడక్షన్ వాళ్ల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. మందు తయారయ్యే రియాక్టర్ ఆగి ఉంటుంది, బ్యాచ్ ఆలస్యమవుతుంటుంది. మా సీనియర్ ఫిట్టర్ ఒకాయన, చేతి పనిలో నాకంటే చాలా పైమెట్టు మనిషి, ఓసారి సూటిగా అనేశాడు: “నేర్పమంటే నేర్పుతాను సార్. ఆనక బ్రేక్‌డౌన్ లేటైనాదని నా పేరే రాసీస్తారు కదా.”

ఆయన మాటలో మొత్తం సమస్య ఉంది. నేర్పినందుకు అతనికి ఏ ఫారంలోనూ చోటు లేదు, ఆలస్యానికి మాత్రం ఉంది. సంవత్సరం చివర పనితీరు చూసే అప్రైజల్‌లో బ్రేక్‌డౌన్ గంటలు లెక్కిస్తారు. ఎంతమందిని తయారుచేశాడో లెక్కించరు. అలాంటప్పుడు అతను కుర్రాణ్ణి టీ తెమ్మని పంపి, పని తనే చకచకా ముగించడం తెలివైన నిర్ణయమే. ఒప్పందం మీద ఎవరెవరి సంతకాలున్నా ఈ లెక్క మారదు.

పాత రోజుల్లో ఇంత తంటా లేదని కొందరంటారు. విజయనగరం, నెల్లిమర్ల జూట్ మిల్లులు నిండుగా నడిచిన కాలంలో బదిలీ కార్మికుడిగా, అంటే ఆ రోజు రానివాడి బదులు పనిచేసేవాడిగా చేరి, అన్న పక్కనో బాబాయి పక్కనో నిలబడి, ఫ్రేము మీద తెగిన దారం ముడెయ్యడం నేర్చుకున్న కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. సర్టిఫికెట్ లేకపోయినా పని వచ్చేది. నిజమే. మిల్లులో అన్న లేనివాడికి, బాబాయి లేనివాడికి ఆ తలుపు తెరుచుకోలేదన్నదీ నిజమే. పల్లెనించి వచ్చిన కూలీ కొడుక్కి, ముఖ్యంగా ఆడపిల్లకి, దారి చూపించాల్సింది ప్రభుత్వ ఐటీఐ, పాలిటెక్నిక్. కాబట్టి ‘కాలేజీలెందుకు, పని చేస్తే పనే వస్తుంది’ అన్న వాదన నాకు రుచించదు. ఆ మిల్లులిచ్చిన మంచిదొక్కటే తెచ్చుకోవాలి: కొత్తవాడి పక్కన ఫలానా మనిషి ఉన్నాడు, వాడు నేర్చుకోకపోతే అతనికి మాటొస్తుంది.

కంపెనీల వైపు కూడా వినాలి, ఎందుకంటే వాళ్లు చెప్పేవన్నీ సాకులు కావు. ‘నేర్పి పెడితే ఏడాదికే విశాఖ దగ్గర పరవాడ పోతాడు, లేకపోతే హైదరాబాద్ జీడిమెట్ల’ అంటారు. పోతారు, నిజమే. పరవాడలో, జీడిమెట్లలో నేర్చుకుని మా దగ్గరికి వచ్చినవాళ్లూ అంతే మంది ఉన్నారు. అందరూ పక్క ప్లాంటు నేర్పినవాణ్ణి తీసుకుందామని కూర్చుంటే, చివరికి నేర్పే ప్లాంటు ఒక్కటీ మిగలదు. ఇప్పుడు మేం చూస్తున్నది దాదాపు అదే. పేపర్లో ఫిట్టర్లు కావలెను అని ప్రకటన, బయట వందల మంది ఐటీఐ, డిప్లొమా కుర్రాళ్లు, మధ్యలో ‘రెండేళ్ల అనుభవం తప్పనిసరి’ అన్న ఒక్క వాక్యం. ఆ రెండేళ్లు ఎవరిస్తారో మాత్రం ప్రకటనలో ఉండదు.

ప్రమాదాల భయం రెండో మాట. 2011 జూన్‌లో చిలకపాలెం దగ్గర పురుగుమందుల ఫ్యాక్టరీలో మంటలు చూసిన ప్రాంతం ఇది, దీన్ని తేలిగ్గా తీసెయ్యలేం. కానీ వరస చూడండి. విద్యార్థిగా ఉన్నప్పుడు సేఫ్టీ పేరు చెప్పి వాణ్ణి ఆఫీసులో కూర్చోబెడతాం. ఏడాది తిరిగేసరికి అదే కుర్రాడు కాంట్రాక్టర్ మనిషిగా అదే బ్లాకులోకి వస్తాడు, ఈసారి స్పానర్‌తో. పర్మిట్ అంటే ఏమిటో, తాళంచెవి ఎవరి జేబులో ఉండాలో మధ్యలో ఎవరు నేర్పినట్టు? నేర్పడానికి ఆరు నెలలు చేతిలో ఉన్నప్పుడే నేర్పకపోవడం కంటే పెద్ద ప్రమాదం నాకు కనపడదు.

ఇంకోటి మందుల కంపెనీలకి చెప్పాలి. ఈ ప్లాంట్లకి నేర్పడం రాదనడం అబద్ధం. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే ఒక్కో ఆపరేటర్ ట్రైనింగ్ ఫైలు తీసి పేజీ పేజీ సరిచూస్తాం. ఏ పద్ధతి ఎప్పుడు నేర్పారు, ఎవరు నేర్పారు, పరీక్షలో ఎన్ని వచ్చాయి, అన్నీ తేదీతో సహా ఉండాలి. లేకపోతే అబ్జర్వేషన్ అని లోపం రాస్తాడు, అది అమ్మకాల మీద పడుతుంది. అంటే అడిగేవాడుంటే నేర్పేవాడి పేరుతో సహా రికార్డు పెట్టడం మాకు కొట్టిన పిండి. ట్రైనింగ్‌కి వచ్చిన పాలిటెక్నిక్ కుర్రాడి విషయంలో అడిగేవాడు లేడు, అంతే తేడా.

అడగడానికి చట్టం లేదా అంటే ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం పాతదే అయినా చదివితే ఆశ్చర్యమేస్తుంది. యజమానికి ఆ పని రాకపోతే, అర్హత ఉన్న మనిషిని అప్రెంటిస్ శిక్షణకి బాధ్యుడిగా పెట్టాలని దాని 11వ సెక్షను చెప్తుంది. 1973 సవరణతో డిగ్రీ, డిప్లొమా ఇంజనీర్లు, 1986 సవరణతో ఇంటర్ ఒకేషనల్ పిల్లలు ఆ చట్టం కిందికి వచ్చారు. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు పైన పనిచేసే సంస్థ తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. ఆ శాతం కట్టేటప్పుడు కాంట్రాక్టు కార్మికుల్ని కూడా కలపాలి. డిప్లొమావాళ్లకి నెలకి కనీస స్టైపెండ్ 8,000 అని అప్పుడే రాశారు, అందులో సగం కేంద్రం భరిస్తుంది. అప్రెంటిస్‌కి దెబ్బ తగిలితే పరిహారం యజమానిదే.

చిక్కేమిటంటే, డిప్లొమా మధ్యలో చేసే ఆరు నెలల ట్రైనింగ్ ఈ చట్టం కిందికి రాదు. అది కాలేజీ సిలబస్‌లో భాగం. నేర్పేవాడు ఉండాలన్న నిబంధన, స్టైపెండ్, పరిహారం ఇవన్నీ ఏడాది అప్రెంటిస్‌కి వర్తిస్తాయి. అంతకంటే చిన్నవాడు, అంతకంటే తక్కువ తెలిసినవాడు అయిన విద్యార్థికి మాత్రం ఒక ఉత్తరమే రక్ష. ఎంఓయూ పూడ్చాల్సిన గొయ్యి ఇదే. చట్టం అప్రెంటిస్‌కి ఇచ్చినదాన్ని ఒప్పందం విద్యార్థికి ఇవ్వాలి. ఇచ్చే ఒప్పందం ఎక్కడైనా ఉంటే ఎవరైనా చూపించండి, సంతోషంగా చదువుతాను.

ఇంకో చట్టం కూడా చేశాం మనం. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని 2019లో రాష్ట్రం చేసింది. అది రాజ్యాంగబద్ధమా కాదా అన్న గొడవ హైకోర్టుకెక్కింది. దాని జోలికి నేను పోను. అందులో చాలామంది గమనించని సంగతి ఇంకోటుంది: అర్హతున్న స్థానికులు దొరక్కపోతే ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలో వాళ్లకి శిక్షణిచ్చి తీసుకోవాలని ఉంది. 75 అన్న అంకె మీద టీవీల్లో వాదనలు జరిగాయి. శిక్షణ గురించి మాట్లాడినవాళ్లు నాకు కనపడలేదు.

బయటి దేశాల సంగతి ఎత్తితే జర్మనీ పేరు రాకుండా ఉండదు. అక్కడ కుర్రాడు వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో, ఒకటి రెండు రోజులు బడిలో ఉంటాడని అందరూ చెప్తారు. నాకు నచ్చినది వేరే. అక్కడ నేర్పేవాడికి కూడా పరీక్ష ఉంది. పని వచ్చినంత మాత్రాన సరిపోదు, నేర్పడం వచ్చని నిరూపించుకోవాలి. కుర్రాడికి ఆఖరి పరీక్ష పెట్టే కమిటీలో యజమానుల తరఫు మనిషి, కార్మికుల తరఫు మనిషి, బడి పంతులు ముగ్గురూ కూర్చుంటారు. 1969లోనే దానికి చట్టం చేసుకున్నారు. మనం వాళ్ల మెషీన్లు తెచ్చుకున్నాం, నేర్పేవాడి కుర్చీని అక్కడే వదిలేశాం.

ఖర్చంటారా, లెక్క వేద్దాం. సీనియర్ ఫిట్టర్ జీతం నెలకి 30,000 అనుకుందాం. ఎనిమిది గంటల షిఫ్టులో రెండు గంటలు ముగ్గురు కుర్రాళ్లకి నేర్పడానికి కేటాయిస్తే జీతంలో నాలుగో వంతు, అంటే 7,500. మనిషికి నెలకి 2,500. అదే ముగ్గురూ డిప్లొమా అయ్యాక అప్రెంటిస్‌లుగా చేరితే 2019 నాటి ఆ స్టైపెండులో కేంద్రం భరించే సగమే నెలకి 12,000. నేర్పేవాడి ఖరీదు దానికంటే తక్కువ. కంపెనీకి ఇది భరించలేని మొత్తం కాదు. భరించలేనిది ఆ రెండు గంటలూ ఫోను ఎత్తకుండా ఉండటం. అందుకే అది కాగితం మీద ఉండాలంటున్నాను. నోటిమాటగా ఉంటే మొదటి బ్రేక్‌డౌన్‌కే ఎగిరిపోతుంది.

ఒప్పందంలో ఇంకేం కావాలో కూడా చెప్తాను. కుర్రాడు చేసి తీరాల్సిన పనుల జాబితా ఒక పేజీ ఉండాలి: సీల్ మార్చడం, అలైన్‌మెంట్, బేరింగ్ ఎక్కించడం, పర్మిట్ రాయడం, ఇలా. ఒక్కోటి చేసినప్పుడు నేర్పినవాడు సంతకం పెట్టాలి. ఆఖర్న ఆ జాబితాలోంచి ఒక పని ఇచ్చి, పక్క ప్లాంటు నుంచి వచ్చిన మనిషి చూడాలి. సొంత ప్లాంటు వాళ్లయితే మొహమాటానికి పోతారు, లెక్చరర్ అయితే పాసు శాతం చూసుకుంటారు. లెక్చరర్లకి కూడా వేసవిలో కొన్ని వారాలు ప్లాంటులో చోటు ఇవ్వాలి. వాళ్లలో పని చెయ్యాలన్న తపన ఉన్నవాళ్లు ఎక్కువమందే ఉన్నారు, చేరినప్పటినించీ కొత్త మెషీను ముట్టుకునే అవకాశం రానివాళ్లు.

అమ్మాయిల మాట విడిగా చెప్పాలి. శ్రీకాకుళంలో ఆడపిల్లలకి ప్రత్యేకంగా ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. వాళ్లని ట్రైనింగ్‌కి తీసుకోవాలంటే ప్లాంట్లు వెనకాడతాయి. షిఫ్టు, బస్సు, బట్టలు మార్చుకునే గది అంటూ లిస్టు చదువుతాయి. కంపెనీ బస్సు రోజూ శ్రీకాకుళం నుంచి పైడిభీమవరం వస్తూనే ఉంది, జనరల్ షిఫ్టుకి అందులో నాలుగు సీట్లు దొరకవా? దీనికి నిధులక్కర్లేదు, ఒక మెయిల్ చాలు.

ఇదంతా పెద్ద ప్లాంట్ల గురించి. పలాస జీడిపప్పు పరిశ్రమలో పెద్దవాళ్లెవరు? అన్నీ చిన్న యూనిట్లు. గింజని ఉడికించే బాయిలరు, పెంకు కోసే మెషీన్లు, డ్రయ్యర్లు, సార్టింగ్ మెషీన్లు వచ్చాయి. అవి ఆగితే బాగుచేసేవాడి కోసం ఫోన్లు చేసుకోవాలి. బాయిలర్ నడిపేవాడికి సర్టిఫికెట్ ఉండాలని చట్టం. ఒక్కో యూనిట్‌ని విడిగా నేర్పమంటే కుదరదు, ఓనరే మెకానిక్‌గా ఉన్న చోట్లున్నాయి. అక్కడ యూనిట్ల సంఘమే ఒక మంచి మెకానిక్‌కి జీతమిచ్చి, టెక్కలి పాలిటెక్నిక్ పిల్లల్ని అతని వెంట ఈ యూనిట్ నుంచి ఆ యూనిట్‌కి తిప్పొచ్చు. పిల్లలకి నాలుగు రకాల మెషీన్లు తెలుస్తాయి, యూనిట్లకి పిలిస్తే పలికే మనిషి దొరుకుతాడు. జిల్లా అంతా ఉన్న రైసు మిల్లులకీ ఇదే వర్తిస్తుంది.

ఒకే కంపెనీకి కాలేజీని కట్టేసే పద్ధతి మీద మాత్రం నాకు అనుమానం. విజయనగరం జిల్లా సంగతే చూడండి. ఇక్కడ మాంగనీసు తవ్వకం 1892లోనే మొదలైంది, ఆ ఖనిజం చుట్టూ గరివిడి, బొబ్బిలి ప్రాంతాల్లో ఉక్కు తయారీలో కలిపే ఫెర్రో అల్లాయ్స్ కొలుములు వచ్చాయి. ఆ కొలిమికి ముడిసరుకు ఎంత ముఖ్యమో కరెంటు అంతకంటే ముఖ్యం. యూనిట్ ధర పెరిగినప్పుడల్లా కొలుములు చల్లారాయి, మనుషులు ఇంటికెళ్లారు. ఒక కొలిమికి తగ్గట్టు మాత్రమే తయారైన కుర్రాడు అప్పుడేం కావాలి? పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ నిర్వహణ, హైడ్రాలిక్స్, క్రేను, నీటి పంపులు నేర్చుకున్నవాడయితే మూలపేట పోర్టుకెళ్తాడు, భోగాపురం ఎయిర్‌పోర్టుకెళ్తాడు. అందుకే జాబితా కంపెనీ రాయకూడదు, కాలేజీ ఒక్కటే కూడా రాయకూడదు, ఇద్దరూ కూర్చుని రాయాలి. కంపెనీ తన మెషీను నేర్పుకోవచ్చు, దాంతోపాటు ఇంకో గేట్లోకి పనికొచ్చేదీ నేర్పాలి.

ఈసెట్ సంగతికి మళ్లీ రావాలి, ఎందుకంటే అది తేలకపోతే పైన చెప్పినదంతా గాల్లో ఉంటుంది. కుర్రాళ్లు బీటెక్ కోరుకోవడం తప్పు కాదు, ఆపడం ఎవరివల్లా కాదు. పనిచేస్తూ చదివే దారి ఉంటే చాలామంది ఉద్యోగం వదలరు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి వీలైన వేళల్లో బీటెక్ తరగతులు పెట్టుకోవడానికి సాంకేతిక విద్యా నియంత్రణ సంస్థ ఏఐసీటీఈ 2023–24 నుంచి కాలేజీలకి అవకాశమిచ్చింది. మన రెండు జిల్లాల్లో ఇంజనీరింగ్ కాలేజీలకి కొదవ లేదు. ఒక ప్లాంటు, ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజనీరింగ్ కాలేజీ ముగ్గురూ ఒక ఒప్పందం మీద సంతకం పెడితే, ఆరు నెలల ట్రైనింగ్, ఏడాది అప్రెంటిస్, ఆ తర్వాత సాయంత్రం బీటెక్ వరసగా వస్తాయి. తండ్రికి చెప్పుకోవడానికి డిగ్రీ ఉంటుంది, మాకు పని తెలిసిన ఇంజనీరు ఉంటాడు.

ఈ మధ్య ఇదంతా ఒక కంపెనీ హెచ్ఆర్‌లో ఉన్న పరిచయస్తుడికి చెప్పాను. అంతా విన్నాక, నేర్పేవాడి పేరు ఒప్పందంలో రాయడం దగ్గర ఆగిపోయారు. “పేరు రాశాక అతను మానేస్తే?” అన్నారు. ఇంకొకరి పేరు రాయండి అన్నాను. “అలా పేర్లు మార్చుకుంటూ పోతే ఒప్పందానికి విలువేముంటుందండీ?” అన్నారు. మీ బాయిలర్ రికార్డులో ఇన్‌చార్జి పేరు మారినప్పుడల్లా మార్చుకుంటున్నారు కదా, బాయిలర్‌కి విలువ తగ్గిందా అన్నాను. కాసేపు ఫోన్ చూసుకుని, లీగల్ వాళ్లని ఓసారి కనుక్కుంటానన్నారు.